ముందుగది వెలుతురు

అశోక్‌నగర్, హైదరాబాద్
14 జూన్ 1996

గౌరవనీయులైన కమల వదినగారికి,
హైమవతి నమస్కారాలు.

శ్రీదివ్య ఫోటో కరీంనగర్ వాళ్లకు నచ్చిందని మీరు రాసిన కార్డును దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టుకున్నాను. పిల్లలు లేని మాకు ఆ ఒక్క మేనకోడలే కదా. మీ తమ్ముడి సంబరం చూడాలి. "పెండ్లినాడు బుట్టల కూసోవెట్టి ఎత్తేది మేనమామనే గద. ఇప్పటిసంది దానికి నెయ్యి తక్కువ వెయ్యుమని అక్కకు రాయి" అన్నారు. రాయమన్నారు కనుక రాశాను, శ్రీదివ్యకు చూపించకండి.

ఇప్పుడు మీ సలహా కావాలి. నారాయణగూడలో ఆయన ఇరవై రెండేళ్లు పనిచేసిన ఇంజనీరుగారి ఆఫీసు మూతపడ్డాక, మా ముందుగదిలోనే బల్ల వేసుకుని ఇళ్ల ప్లాన్లు గీస్తున్నారని మీకు తెలుసు. ఏడాదిగా ఆ గది ఆఫీసే గానీ, ఇల్లు కాదు. ఎండకు పైన కప్పు కాలిపోతుంది. పగలే రెండు ట్యూబులైట్లు వెలుగుతాయి. ఫ్యాను ఆగదు. ప్లాన్లకు కాపీలు తీసే అమ్మోనియా పెట్టె తెరిస్తే ఆ ఘాటుకు పూజగదిలో అగరుబత్తి వాసన కూడా తెలియదు. గీసి పారేసిన కాగితం వారానికి ఒక గోనెసంచి.

పోయిన గురువారం చిక్కడపల్లి గుడిలో భజన అయ్యాక సంయుక్త అనే కాలేజీ టీచరమ్మ పర్యావరణం గురించి మాట్లాడింది. డబ్బున్నవాళ్లే చేయాల్సిన పని కాదట. ఇంట్లో ఉన్నవాటితోనే కరెంటూ కాగితమూ మిగిల్చి, పీల్చే గాలి బాగుచేసుకోవచ్చట. నాది పదో తరగతి చదువు. అయినా ఆ మాటలు నాకు భాగవతం విన్నట్టే అనిపించాయి. భూదేవి ఇచ్చినదాన్ని పారేయడం పాపమని మా అమ్మ చెప్పినదే కదా ఇది.

చేతిలో ఉన్నది కొంచెమే. బల్లను కిటికీ దగ్గరికి జరపాలని, కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టాలని, కప్పుకు సున్నం వేయించాలని అనుకున్నాను. ట్యూబులైట్లు తీసేద్దామంటే ఆయన గొడవ చేస్తారనుకున్నాను. చేయలేదు. "తీసెయ్ హైమా. వాటిని చూస్తె చుట్టూ ఇంద్రధనుస్సు లెక్క గుండ్రంగ రంగులు కనవడ్తున్నయి, తలకాయ నొస్తది" అన్నారు.

సున్నం అనేసరికి మాత్రం ముఖం మారిపోయింది. "బాపు కండ్లు సున్నం పడే పోయినయి. నువ్వు ఆ బకెట్ దిక్కు పోకు" అన్నారు. మామయ్యగారి సంగతి గుర్తొచ్చి నాకూ బాధేసింది. పనివాళ్లతోనే వేయిస్తాను.

మీ ఇంట్లో తడిక ఎవరు కట్టారు? సున్నంలో ఏం కలిపితే నిలుస్తుంది? రాయండి.

మీ
హైమవతి

*

హన్మకొండ
23 జూన్ 1996

చి.ల.సౌ. హైమకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మా తమ్ముడి ఆఫీసును ఆశ్రమం చేస్తున్నావన్నమాట. చెయ్యి. వాడికి నీవంటి మనిషి దొరకడం మా అమ్మ చేసుకున్న పుణ్యం.

తడికకు వట్టివేళ్లు మందంగా పరిచి వెదురుబద్దలతో బిగించాలి. పలచగా కడితే రెండు రోజులకే చీపురు అవుతుంది. కట్టేవాళ్లు రాంనగర్ మార్కెట్ దగ్గర ఉంటారు, అడుగు. సున్నంలో గంజి, కాస్త బంక కలపమను. మెత్తబడిన నూలు చీరలు ఆరు పంపిస్తున్నాను, గదికి తెరలు కుట్టు. ప్లాస్టిక్ బాటిలు తీసేసి నీళ్ల కుండ పెట్టు. అమ్మోనియా పెట్టె మాత్రం ఇంట్లో ఉండనే కూడదు, కాపీలు బయట తీయించుకోమను.

సున్నం విషయంలో జాగ్రత్త. బాపు సంగతి నీకు తెలిసిందే.

దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయన్నాడా? ఎండలో తిరిగి వేడి చేసి ఉంటుంది. సబ్జా గింజలు నానబెట్టి ఇవ్వు. తలనొప్పి రోజూ వస్తుందా, ఎప్పుడైనానా? ఊరికే అడుగుతున్నాను. ఈ సంగతి ఎవరితోనూ అనకు. కరీంనగర్ వాళ్ల చుట్టాలు బర్కత్‌పురలో ఉన్నారట. సంబంధం ఖాయమయ్యేదాకా ఆరాలు తీస్తూనే ఉంటారు. మన ఇంటి మాట మన గడప లోపలే ఉండనీ.

ఆశీస్సులతో
కమల

*

అశోక్‌నగర్
11 ఆగస్టు 1996

వదినగారికి నమస్కారాలు.

మీరు పంపిన చీరలు కిటికీలకు వెళ్లాయి. ఆకుపచ్చ అంచున్నది మాత్రం తెర చేయడానికి మనసొప్పక దాచుకున్నాను, ఏమీ అనుకోకండి.

గది ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టరు. బల్ల కిటికీ పక్కకు వచ్చింది. అమ్మోనియా పెట్టె పోయింది, కాపీలు నారాయణగూడలో దుకాణంలో తీయిస్తున్నాం. గోడలకూ కప్పుకూ సున్నం పడింది. మధ్యాహ్నం కూడా ఫ్యాను వేయకుండా కూర్చోవచ్చు. పాడైన కాపీల వెనకవైపు ఆయన కొలతలు రాసుకుంటారు, అదీ నిండాక నేను కవర్లు అతికిస్తాను. ఖాళీ నూనె డబ్బాల్లో తులసి, కలబంద నాటి గుమ్మానికి రెండువైపులా వరసగా పెట్టాను.

సున్నం వేసింది కురుమమ్మ అని పాలమూరు మనిషి. నోరు పెద్దది, మనసు మంచిది. ఆమె పని చేస్తుండగా మీ తమ్ముడు వస్తూ ఆమె ఇసుక తట్టను తన్నుకుని పడబోయారు. ఆమె ఊరుకుంటుందా?

"ఏం సారూ, గింత తట్ట మీకు కనవడలేదా? జట్కా గుర్రానికి గంతలు గట్టినట్ల ఎదురుంగనే చూస్తరేంది?"

"తొవ్వల పెట్టి నన్నే అంటవా?" అని ఆయన కోప్పడ్డారు.

"తొవ్వల ఏడుంది సారూ, పక్కకే ఉండె."

ఆయన లోపలికి వెళ్లాక ఆమె నా చెవిలో, "అమ్మా, సారుకు ఎడమదిక్కు చూపు తక్కువున్నట్టుంది, జర చూపియ్యుండ్రి" అంది. అలా మాట్లాడకూడదని మందలించాను. నొచ్చుకుని రెండో పూట నాకు వీపు తిప్పుకునే పని చేసింది.

కానీ వదినా, ఆ తర్వాత నేను గమనించాను. నా మొక్కల డబ్బాలు మూడుసార్లు పడ్డాయి. పడ్డవన్నీ ఎడమవైపువే. కుడివైపువి ఒక్కటీ కదలలేదు.

పోయిన వారం ఇంకొకటి జరిగింది. ట్రేసింగ్ కాగితం మీద సిరా ఎండిపోతే దాన్ని సగానికి విరిచిన బ్లేడుతో గీకి మళ్లీ వాడుకోవచ్చు. ఈ పని వాళ్లకు అది పాత అలవాటే. కాగితం మిగులుతుందని నేనే పాతవి తీసిచ్చాను. అడిక్‌మెట్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఉమాకాంత్ గారి ప్లాను అలాంటి కాగితం మీదే గీశారు. ఎడమ అంచున పాత ఇంటి మెట్లు గీకకుండా వదిలేశారు. కొత్త ఇంటి పక్కన గాలిలోకి వెళ్లే మెట్లు! ఉమాకాంత్ గారు పకపకా నవ్వి, "రావు గారూ, నేను ఒక్క ఇల్లు గీయుమంటె పక్కోళ్ల మెట్లు గూడ నాకే ఇచ్చిన్రేంది?" అన్నారు. నవ్వుతూనే కాగితాలు చుట్టుకుని వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. మీ తమ్ముడు ఆ సాయంత్రం అన్నం తినలేదు.

తప్పు నాదేనేమో. లైట్లు తీసేశాను, గీకిన కాగితం ఇచ్చాను. కంటి ఆసుపత్రికి వెళదామంటే ఆయన "అక్కను అడుగు, అక్క చెప్తె పోదాం" అంటున్నారు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. సున్నం పడకముందు మామయ్యగారి చూపు బాగానే ఉండేదా? ఇలాంటి ఇబ్బంది ఏమైనా ఉండేదా? మీరు పెద్దవారు, మీకు గుర్తుంటుంది.

హైమవతి

*

హన్మకొండ
19 ఆగస్టు 1996

హైమకు,

బాపు చూపు బంగారంలా ఉండేది. సున్నం పడేదాకా సూదిలో దారం తానే ఎక్కించేవాడు. ఆ ఆలోచన పెట్టుకోకు.

లైట్లు మళ్లీ పెట్టించు. అద్దాలు మార్పించు. వాడికి నలభై ఆరేళ్లొచ్చాయి, చత్వారం రాదా?

పెద్దాసుపత్రికి మాత్రం ఇప్పుడు వద్దు. సంబంధం ఖాయమైంది, కార్తీకంలో ముహూర్తం. అక్కడికి వెళితే ఆపరేషన్ అంటారు, కట్టు కడతారు. మేనమామ కంటికి కట్టుతో శ్రీదివ్య బుట్ట ఎత్తుతాడా? మగపెళ్లివాళ్లు ఏమనుకుంటారు? మూడు నెలలే కదా. పెళ్లి కాగానే నేనే వచ్చి దగ్గరుండి చూపిస్తాను. నా మాట మీద నమ్మకం ఉంచు.

కమల

*

అశోక్‌నగర్
26 అక్టోబర్ 1996

వదినగారికి నమస్కారాలు.

పండుగ బాగా జరిగిందని తలుస్తాను. పెళ్లికి నాలుగు రోజుల ముందే వస్తాం. బుట్టకు పసుపు నేనే రాస్తాను, ఇంకెవరికీ ఆ పని చెప్పకండి.

మీరు చెప్పినట్టే చేశాను. ఆసుపత్రి మాట ఎత్తలేదు. అద్దాలు రెండుసార్లు మార్చాం. లైట్లు పెట్టించాను గానీ రంగులు కనిపిస్తున్నాయని ఆయనే ఆర్పేస్తారు. పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా, కిటికీలో వెలుతురు నిండుగా ఉన్నంతసేపే గీస్తారు. ఆ తర్వాత పెన్ను మూసేస్తారు. కరెంటు ఇంత తక్కువ వాడుతున్నామని మొదట్లో మురిసిపోయాను. భజనలో సంయుక్తగారికి కూడా చెప్పాను, ఆమె అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. ఇంటికొచ్చి చూస్తే ఆయన స్కేలు మీద గీతలు వేలితో తడుముతున్నారు. ఆ మెప్పు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కొలతలు నేను చదివి చెబుతున్నాను. "పదకొండడుగుల ఆరంగుళాలు" అని నేనంటే, "మంచిగ సదువుతున్నవ్, నిన్నే ఇంజనీర్ను చేస్తె అయిపోతుండె" అని నవ్విస్తారు. నేను నవ్వుతాను. నవ్వకపోతే ఆయనకు తెలిసిపోతుంది.

గది ఇంత తెల్లగా, ఇంత చల్లగా ఉంది వదినా. ఎవరొచ్చినా కూర్చోవాలనిపిస్తుందంటారు. కూర్చుని పని చేయాల్సిన మనిషికే వెలుతురు చాలడం లేదు. ఇంకో నెల అని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. రోజూ స్వామికి ఒకటే మొక్కు, మీరు చెప్పిన ఆ మూడు నెలలూ త్వరగా గడవాలని.

హైమవతి

*

అశోక్‌నగర్
17 డిసెంబర్ 1996

వదినగారికి నమస్కారాలు.

శ్రీదివ్య కరీంనగర్‌లో సంతోషంగా ఉందని విని మనసు నిండింది. పెళ్లిలో ఆ పిల్ల ముఖం నా కళ్ల ముందే ఉంది. మీ తమ్ముడు బుట్ట ఎత్తి నడుస్తూ మండపం మెట్టు తప్పి తూలినప్పుడు అందరూ నవ్వారు. "ఏం మామా, కోడలు బరువైందా?" అని ఎవరో అంటే ఆయన కూడా నవ్వి, "నెయ్యి తక్కువ వెయ్యుమంటె మా అక్క వినలే" అన్నారు. బుట్ట దించేటప్పుడు నేల ఎక్కడుందో ఆయన కాలితో తడుముకున్నది పక్కనున్న నాకే తెలుసు.

మీరు వస్తానన్నారు గానీ, పెళ్లి అలసటలో ఉన్నారని మిమ్మల్ని కదిలించకుండా మేమే కంటి ఆసుపత్రికి వెళ్లాం. మూడు రోజులు పరీక్షలు చేశారు. దాన్ని నీటికాసులు అంటారట. కంటిలో నీటి ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుందట. ఎడమకన్ను పోయింది వదినా. పూర్తిగా. కుడికంటిలో నడిమి చూపు మాత్రం, గొట్టంలోంచి చూసినంత మిగిలింది. లేజరు పెట్టారు, చుక్కల మందు జీవితాంతం వేయాలి. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే అన్నారు.

డాక్టరమ్మ అడిగింది, మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా అని. "మా బాపుకు పోయింది గని అది సున్నం పడి" అని ఆయన చెప్పారు. ఆరు నెలల ముందు, ఆ రంగులు కనబడ్డప్పుడే వచ్చి ఉంటే ఎడమకంట్లో కూడా చాలావరకు చూపు నిలిచేదని ఆమె అంది. ఆయనను బయట కూర్చోబెట్టి నాతోనే అంది, పాపం.

ఇది రక్తసంబంధంలో వచ్చే జబ్బట. అక్కచెల్లెళ్లూ వాళ్ల పిల్లలూ తప్పకుండా చూపించుకోవాలంది. నాకు వెంటనే మీరు గుర్తొచ్చారు. మీకు ఏ బాధా లేకపోయినా సరే, ఆలస్యం చేయకండి. శ్రీదివ్యను కూడా చూపించండి. మాకు తెలియక జరిగింది. తెలిసీ మీకు చెప్పకపోతే ఆ దోషం నాది.

ఆయన ప్లాన్లు గీయడం మానేశారు. పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, అలవాటు కొద్దీ బల్ల ముందు కూర్చుంటారు.

మీ కళ్లు జాగ్రత్త.

హైమవతి

*

హన్మకొండ
2 జనవరి 1997

హైమా,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపాను. "తెలిసీ చెప్పకపోతే ఆ దోషం నాది" అని నువ్వు రాసిన మాట పది పన్నెండు రోజులుగా నన్ను అన్నం ముద్ద మింగనివ్వడం లేదు.

బాపు కళ్లలో సున్నం పడలేదు. ఏ కంట్లోనూ పడలేదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, తమ్ముడు కిషన్‌కు నాలుగు. బాపు లాంతరు చుట్టూ రంగులు కనిపిస్తున్నాయనేవాడు. పక్కనున్న బిందెలు తన్నుకునేవాడు. ఏడాది తిరిగేసరికి చూపు పోయింది. వరంగల్లు డాక్టరు నా ముందే చెప్పాడు, ఇది నీటికాసులు, రక్తంలో వస్తుంది, పిల్లలు పెద్దయ్యాక కళ్లు చూపిస్తుండండి అని. ఇంటికి రాగానే అమ్మ తలుపు వేసింది. "ఈ మాట బయటికి పోతె నిన్నెవరు చేసుకుంటరు? వానికి పిల్లనెవరిస్తరు?" అంది. ఆ వారమే ఇంటికి సున్నాలు వేయించాం. కంట్లో సున్నం పడిందని అమ్మ వాడకట్టంతా చెప్పింది. నా చెయ్యి దీపం మీద పెట్టించి ఒట్టు వేయించింది. కిషన్‌కు ఏమీ తెలియదు. వాడు ఆ సున్నాన్నే నమ్ముకుని పెరిగాడు.

మీ పెళ్లిచూపుల్లో మీ నాన్నగారు అడిగారు, మీ బాపు చూపు ఎలా పోయిందమ్మా అని. అమ్మ నా వైపు చూసింది. సున్నం మాట చెప్పింది నేనే.

నువ్వు జూన్‌లో రాసిన మొదటి ఉత్తరంలో రంగుల మాట చదవగానే నాకు తెలిసిపోయింది. చదివిన చోటే కూర్చుండిపోయాను. ఆ పక్కనే శ్రీదివ్య పెళ్లికి చీరల రంగుల గురించి మాట్లాడుతోంది. సబ్జా గింజలు ఇవ్వమని రాసిన చెయ్యి ఇదే. ఆగస్టులో నువ్వు అంత తిన్నగా అడిగావు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. మూడు నెలలకు ఏమవుతుందిలే అనుకున్నాను. బాపుకు ఏడాది పట్టింది కదా అని లెక్క వేసుకున్నాను. నా బిడ్డ పెళ్లి ఒకవైపు, నా తమ్ముడి కళ్లు ఒకవైపు పెట్టి చూసుకున్నాను హైమా. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నేను పోయిన సోమవారం చూపించుకున్నాను. నాకు లేదన్నారు. ఆ మాట విని సంతోషం కలగలేదు.

శ్రీదివ్యకు ఇంకా చెప్పలేదు. అత్తగారింట్లో రెండు నెలలు కూడా నిండలేదు. ఎలా చెప్పను?

కిషన్‌కు ఇది చదివి వినిపించాలో వద్దో నీ ఇష్టం. నన్ను ఏమన్నా పడతాను.

కమల

*

అశోక్‌నగర్
8 జనవరి 1997

కమల వదినగారికి,

ఉత్తరం నిన్న అందింది. అక్క రాసింది సదువు అన్నారు ఆయన. మొదట మీ కాళ్లనొప్పుల గురించి ఏదో చెప్పి తప్పించుకుందామనుకున్నాను. నోరు తెరిచాను గానీ అబద్ధం రాలేదు. అంతా చదివాను. మధ్యలో నేను కాగితం దించితే "ఆపకు, సదువు" అన్నారు.

అయిపోయాక ఉత్తరం తీసుకుని మడత పెట్టారు. తర్వాత, "అక్కకు అప్పుడు పద్నాలుగేండ్లు. అమ్మ చెయ్యి వట్టుకుంటె అదేం చేస్తది?" అన్నారు.

"మొన్న జూన్‌లో అక్కకు యాభై ఆరేళ్లు" అన్నాను నేను.

పెళ్లయిన ఇరవై మూడేళ్లలో మీ గురించి నేను ఆయన ముందు అన్న మొదటి కఠినమాట అది. ఆయన నా వైపు ముఖం తిప్పారు. నేను ఎక్కడ నిలబడ్డానో దొరకక, తల అటూ ఇటూ కదిపి వెతుక్కున్నారు. అది చూశాక ఇంకేమీ అనలేకపోయాను.

"అక్కను ఏమనకు. కోపం లేదని రాయి" అన్నారు. అందుకని రాస్తున్నాను. ఆయనకు మీ మీద కోపం లేదు.

నాకు ఉంది. దేవుడి ముందు కూర్చుని పోగొట్టుకుందామని చూశాను, పోలేదు. మా నాన్నగారు అడిగితే అబద్ధం చెప్పారు, దానికి బాధలేదు. నిజం తెలిసినా ఈయననే చేసుకునేదాన్ని, మంచి మనిషి. కానీ నేను పక్కనే ఉండి, రోజూ చూస్తూ, మీ మాట నమ్మి ఆ మూడు నెలలూ త్వరగా గడవాలని మొక్కుకున్నాను. పోతున్న చూపు ఇంకా త్వరగా పోవాలని మొక్కుకున్నట్టే అయింది. ఆ మొక్కు నా చేత మొక్కించారు మీరు. దాన్ని ఎలా మన్నించాలో నాకింకా తెలియడం లేదు. తెలిసిన రోజున రాస్తాను.

ఇప్పుడు శ్రీదివ్య సంగతి. డాక్టరమ్మను అడిగి ఈ నెల ఇరవైమూడు, గురువారం పొద్దునకు పేరు రాయించాను. పరీక్షకు పావుగంట పడుతుందట. జబ్బు ఉన్నా మొదట్లోనే కనుక చుక్కల మందుతో జీవితమంతా చూపు నిలుస్తుందట. మీరు కరీంనగర్ వెళ్లండి. ఆ పిల్లకూ, అల్లుడికీ, వాళ్లవాళ్లకూ మామయ్యగారి సంగతి మీ నోటితోనే చెప్పండి. చెప్పి, పిల్లను తీసుకుని మా ఇంటికి రండి. అన్నం వండి పెడతాను. ఆయన మీ పక్కన కూర్చుంటారు, నేను మీకు మంచినీళ్లిస్తాను. అంతవరకూ నా వల్ల అవుతుంది.

శ్రీదివ్య చిరునామా నా దగ్గర ఉంది. నిన్ననే రాద్దామని కవరు తీశాను. ఆయన వద్దన్నారు, తల్లి నోట వినాల్సిన మాట అన్నారు. అందుకని ఆగాను.

గురువారం పన్నెండింటి దాకా ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి చూస్తాను. మీరిద్దరూ రాకపోతే, ఆ మధ్యాహ్నమే నేను కరీంనగర్ బస్సెక్కుతాను.

హైమవతి